లేని విమానం

విజయవాడ దగ్గర గన్నవరం విమానాశ్రయం నుంచి కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయానికి తిన్నగా గీత గీస్తే దాదాపు మూడు వందల కిలోమీటర్లు. పెద్ద జెట్ విమానం అక్కర్లేదు. రెక్కలకు పంకాలు తిరిగే ఏటీఆర్ చాలు. అది గంటకు ఐదు వందల కిలోమీటర్ల దాకా పోతుంది కాబట్టి గాల్లోకి లేచాక ముప్పావుగంటలోపే ఆ దూరం దాటేస్తుంది. ఈ లెక్క నేను కాగితం మీద కట్టాను. ఫోన్లో సరిచూసుకున్నాను. రెండూ కలిశాయి. ఆ లెక్కను నమ్ముకుని, దాచేపల్లిలో మా మిరప చేలో కాయ కోయడానికి వచ్చిన ఒక మనిషిని, చావుబతుకుల్లో ఉన్న తండ్రి దగ్గరికి బయల్దేరినవాణ్ణి, ఒక రాత్రంతా ఆపేశాను.

మా ఇంట్లోవాళ్ళకు ఈ సంగతి సగమే తెలుసు. మిగతా సగం అతనికీ, అతని భార్యకీ, నాకూ తెలుసు. ఇన్నాళ్ళు దాచుకున్నాను. ఇక నావల్ల కావడం లేదు.

నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పటం మీద రెండు ఊళ్ళ మధ్య దూరం కొలవడానికి పిల్లలకు రెండు పద్ధతులు నేర్పేవాణ్ణి. స్కేలు పెట్టి కొలవడం ఒకటి. రోడ్డు వంపుల వెంట దారం పరిచి, ఆ దారాన్ని తీసి స్కేలుకు ఆనించి కొలవడం రెండోది. తేడా వాళ్ళకు తలకెక్కడానికి మా మండలంలోని ఊరే ఉదాహరణగా చెప్పేవాణ్ణి. తంగెడ ఒడ్డున నిలబడితే కృష్ణకు అవతల మట్టపల్లి. వంతెన లేని రోజుల్లో అక్కడి నరసింహస్వామి గుడికి పోవాలంటే పడవ ఎక్కాలి. పడవ లేకపోతే పొందుగల పోయి, వాడపల్లి వంతెన దాటి, అవతలి జిల్లాలో ఊళ్ళన్నీ చుట్టుకుని రావాలి. స్కేలుకు ఆ చుట్టు తెలియదు, దారానికి తెలుస్తుంది అని చెప్పేవాణ్ణి. పిల్లలు ఇంటి నుంచి దారం ఉండలు తెచ్చుకుని, బెంచీల మీద పటం పరిచి, నాలుక కొస బయటపెట్టి మరీ కొలిచేవాళ్ళు. నా చేతి కింద చదువుకున్న ఏ పిల్లవాణ్ణి అడిగినా ఆ పాఠం ఇప్పటికీ చెబుతాడు.

రిటైరయ్యాక సాగర్ కుడి కాలువ కింద ఉన్న కాస్త పొలంలో మిరప వేస్తున్నాను. మిరప కోతలకు పల్నాడులో ఉన్న మనుషులు చాలరు. సంక్రాంతి దాటేసరికి కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, కోసిగి, మంత్రాలయం, కౌతాళం, పెద్దకడుబూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. సుగ్గికి పోవడం అంటారు వాళ్ళు. పక్కనే తుంగభద్ర పారుతున్నా అక్కడి పొలాలు చాలావరకు వాన దయ మీద బతికేవే. పత్తి తీయడం అయిపోతే ఊళ్ళో పనుండదు. ఇంటికి తాళమేసి, ముసలివాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి, గిన్నెలూ పట్టాలూ పసిపిల్లలతో సహా బొలెరోల్లో, లారీల్లో, రైళ్ళలో ఎక్కి వచ్చేస్తారు. చేల గట్ల మీద పట్టాలతో గుడారాలు వేసుకుంటారు. కిలోల లెక్కన కాయ కోస్తారు. బడికి పోవాల్సిన ఆడపిల్ల చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని గట్టు మీద కూర్చుంటుంది. పిల్లల మధ్య బతికినవాణ్ణి కాబట్టి ఆ దృశ్యం నాకు ఎప్పుడూ మింగుడుపడేది కాదు. అయినా ఆ చేతుల మీదే మా పంట ఇల్లు చేరుతోంది.

నేను చెప్పే మనిషి మా చేనికి ఏటా వచ్చే ముఠాకు మేస్త్రి. నాకంటే చాలా చిన్నవాడు. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. కోత కూలి కూడా గిట్టదని కాయను చెట్టు మీదే వదిలేసిన రైతులున్నారు. ఆ ఏడు కూడా ఆ ముఠా కూలి ఆలస్యమైతే ఆలస్యమైందిలే అని మా చేను వదలకుండా కోసింది. అతనికి ఏదో ఒక మేలు చేయాలని నా మనసులో అప్పటికే ఉంది. దీన్ని సాకుగా చెప్పడం లేదు. ఆ తర్వాత నేను చేసిన పనికి ఇదీ ఒక కారణం, అందుకే చెబుతున్నాను.

ఆ ఫిబ్రవరిలోనే ఒకరోజు పొద్దు గూకే వేళ కాటా దగ్గర ఉన్నాం. అతనికి ఊరి నుంచి ఫోన్ వచ్చింది. తండ్రిని ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేశారట. పెద్దకొడుకు కోసం అడుగుతున్నాడట. అతను తువ్వాలుతో ముఖం తుడుచుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, మా నాయనకు బాలేదంట. నేను నర్సరావుపేటకు పోయి రాత్రి రైలెక్కుతా. దారికి కొంచెం లెక్క ఇయ్యండి సార్."

అతని దారి అతనికి కంఠతా వచ్చు. దాచేపల్లిలో బస్సెక్కితే పిడుగురాళ్ళ మీదుగా నరసరావుపేట. అక్కడ రాత్రిపూట గుంతకల్లు వైపు పోయే రైలు. వినుకొండ, దొనకొండ, మార్కాపురం, నంద్యాల, డోన్ దాటి తెల్లారేసరికి గుంతకల్లు. అక్కడి నుంచి రాయచూరు వైపు పోయే బండి పట్టుకుంటే ఆదోని, ఆ తర్వాత కోసిగి. కోసిగిలో అన్ని బండ్లూ ఆగవు. ఏది ఆగుతుందో, ఏది ఆగకపోతే ఆదోనిలో దిగి బస్సెక్కాలో అతనికి తెలుసు. నేను ఆ డబ్బు చేతిలో పెట్టి, మోటారు సైకిల్ మీద బస్టాండులో దించి ఉంటే సరిపోయేది.

నేనేమన్నానంటే, "రాత్రంతా జనరల్ పెట్టెలో నలుగుతూ ఎందుకయ్యా పోవడం? విమానంలో పంపిస్తా. పొద్దున్నే గన్నవరం పోదాం. మధ్యాహ్నానికి మీ నాయన దగ్గర ఉంటావు."

అతను తడబడ్డాడు. "మాకు రైలు అలవాటే సార్" అన్నాడు. గుడారం ముందు పొయ్యి దగ్గరున్న అతని భార్య లేచి వచ్చి, "బండికే పోనీ సార్" అంది. నేను వినలేదు. "మీకు తెలియదమ్మా, ముప్పావుగంట ప్రయాణం" అన్నాను. ఏటా అన్నం పెట్టే చేను వాళ్ళది కాదు, నాది. చదువుకున్నవాణ్ణి. వయసులో పెద్దవాణ్ణి. నా మాటకు ఎదురు చెప్పే స్థితిలో వాళ్ళు లేరు. ఆ సంగతి అప్పుడు నా బుద్ధికి అందలేదు. వాళ్ళు ఒప్పుకున్నారనుకున్నాను.

విమానం అనే ఆలోచన నాకెందుకొచ్చిందో తర్వాత చాలా వెతుక్కున్నాను. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద తొలి విమానాలు మొదలైనప్పుడు, సిమ్లా–ఢిల్లీతో పాటు మన కడప–హైదరాబాద్ కూడా ఉందని చూసి సంతోషించినవాణ్ణి. గంట ప్రయాణానికి, అంటే ఐదు వందల కిలోమీటర్ల దూరానికి, కొన్ని సీట్ల టికెట్ రెండున్నర వేలు దాటకూడదన్నారు. హవాయి చెప్పులు వేసుకున్నవాడు కూడా విమానం ఎక్కాలని ప్రధాని ఆ రోజు అన్న మాట నాకు నచ్చింది. 2021 మార్చి 25న ఓర్వకల్లు విమానాశ్రయాన్ని ప్రారంభించి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టినప్పుడు ఆ వార్త కత్తిరించి నోటుబుక్కులో అంటించుకున్నాను. కరవు జిల్లాకు విమానం వచ్చిందని. 2024 నవంబరు 9న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలోంచి లేచిన చిన్న విమానం శ్రీశైలం జలాశయంలో దిగింది. ముఖ్యమంత్రి అందులో ప్రయాణించారు. రోడ్డు మీద దాదాపు ఒక పూట పట్టే దూరం అది. టీవీలో చూసి, మా పల్నాడు నెత్తి మీద కాలం మారుతోందనుకున్నాను.

ఇవన్నీ మంచి ఆశలే. ఇప్పటికీ నాకు వాటి మీద కోపం లేదు. కానీ వాటి పక్కనే ఇంకో కోరిక కూడా ఉంది. మేష్టారు కూలి మనిషిని విమానంలో పంపించాడని ఊళ్ళో అనుకోవాలి. అది మనసులో కదిలింది. కదిలిందని నాకు ఆ క్షణానే తెలుసు. దాన్ని జాలి అనే పేరు కింద దాచేశాను.

ఆ రాత్రి లెక్కలు కట్టుకుంటూ కూర్చున్నాను. గన్నవరం ఉత్తర అక్షాంశం పదహారున్నర డిగ్రీలు, ఓర్వకల్లు పదిహేను డిగ్రీల మీద నూరింట డెబ్బై భాగాలు. రేఖాంశాల్లో తేడా రెండు డిగ్రీలు దాటి నూరింట మరో అరవై భాగాలు. ఒక అక్షాంశ డిగ్రీకి నూట పదకొండు కిలోమీటర్లు. మన ప్రాంతంలో ఒక రేఖాంశ డిగ్రీకి నూట ఏడు. వర్గాలు కలిపి మూలం తీస్తే మూడు వందలకు కాస్త తక్కువ. ఫోన్లో అడిగితే అదే దూరం, దాని పక్కన ప్రయాణ సమయం కూడా వచ్చింది. తృప్తిగా అనిపించింది.

అప్పుడే ఇంకో లెక్క కూడా నా కళ్ళ ముందుకొచ్చింది. దాచేపల్లి నుంచి ఓర్వకల్లుకు తిన్నగా గీత గీస్తే రెండు వందల కిలోమీటర్లు కూడా లేదు. అంటే మేము గన్నవరం పోవాలంటే తూర్పుకు రోడ్డు మీద నూటయాభై కిలోమీటర్ల దాకా పోయి, అక్కడి నుంచి మళ్ళీ పడమటికి మా జిల్లా మీదుగానే ఎగిరి రావాలి. ఓర్వకల్లులో దిగాక కోసిగికి కర్నూలు, ఎమ్మిగనూరు మీదుగా ఇంకో నూటపాతిక కిలోమీటర్ల రోడ్డు. అన్నీ కూడితే ఐదు వందల డెబ్బై దాటుతుంది. దాచేపల్లి నుంచి కోసిగికి గీత దూరం రెండు వందల డెబ్బై. నా పిల్లల్లో ఎవడైనా ఈ లెక్క చేసి చూపిస్తే, ఒరే, ఎదురు దిక్కుకు ఎందుకు పోతున్నావురా అని అడిగేవాణ్ణి. నన్ను నేను అడగలేదు. ముప్పావుగంట అన్న అంకె మిగతా అంకెలన్నిటినీ మింగేసింది.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న అసలు నా తలలోకే రాలేదు. రెండు చోట్లా విమానాశ్రయం ఉంది, మధ్య దూరం తెలుసు, పట్టే సమయం తెలుసు. ఇక ఆ రెంటి మధ్య విమానం తిరుగుతోందా లేదా అని చూడాలనే తోచలేదు. భూమ్మీద ఏ రెండు బిందువులు చెప్పినా మధ్య దూరం వస్తుంది. దూరాన్ని వేగంతో భాగిస్తే సమయం వస్తుంది. అందుకు విమానంతో పనిలేదు. మాకు పడమట విజయపురి సౌత్ దగ్గర నాగార్జునసాగర్ రన్‌వే ఉంది. పైలట్ శిక్షణ విమానాలు లేచిన నేల అది, ప్రయాణికుల విమానం అక్కడ దిగదు. ప్రకాశం జిల్లా దొనకొండలో రెండో ప్రపంచయుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది. ఆ రెంటి మధ్య గాలి దూరం దాదాపు ఎనభై కిలోమీటర్లు. ఏటీఆర్ వేగంతో భాగిస్తే పది నిమిషాలు. ఆ పది నిమిషాల ప్రయాణం ఎవరూ చేయరు. అంకె మాత్రం నిజమే.

తెల్లవారి, టికెట్లు తీసే కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. నా దగ్గర చదువుకున్నవాడే. అతను కంప్యూటర్లో చూసి, "మేష్టారూ, ఈ రెంటికీ నేరుగా లేదండీ" అన్నాడు. "బెంగళూరు పోయి అక్కడ మారాలి. అదీ ఇవాళ లేదు."

నేను అక్కడే కాసేపు నిలబడిపోయాను. ఓర్వకల్లు నుంచి 2021 మార్చి 28న మొదలైన విమానాలు మూడు ఊళ్ళకు: బెంగళూరు, చెన్నై, విశాఖపట్నం. నేను కత్తిరించి అంటించుకున్న ముక్కలోనే ఆ పేర్లున్నాయి. విజయవాడ పేరు అందులో లేదు. చదివాను, అంటించుకున్నాను, మర్చిపోయాను.

చేలోకి తిరిగి వెళ్ళేసరికి మేస్త్రి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని, గట్టు మీద కూర్చుని ఉన్నాడు. రాత్రి నిద్రపోయినట్టు లేదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆ క్షణంలో నిజం చెప్పి ఉంటే ఇవాళ ఇది రాయాల్సిన అవసరం ఇంతగా ఉండేది కాదేమో. తప్పు అయిపోయిందయ్యా, నేను చూసుకోలేదు అంటే చాలు. నా నోటి నుంచి వచ్చిన మాట వేరు.

"విమానం రద్దయిందంటయ్యా. పొగమంచంట."

చలికాలం పొద్దుటిపూట గన్నవరంలో మంచు పట్టి విమానాలు ఆలస్యం కావడం పేపర్లో చదువుతూనే ఉంటాం. అందుకే ఆ అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది. అతను నా ముఖం వంక చూసి, "మన చేతుల్లో ఏముంది సార్. మీరు మంచి చేయాలనుకున్నారు" అన్నాడు. అతని భార్య మాట్లాడలేదు.

రైలు మళ్ళీ రాత్రికి. అందుకని బస్సుల్లో బయల్దేరాడు. మాచర్ల, అక్కడి నుంచి దోర్నాల, నల్లమల అడవి దాటి ఆత్మకూరు, కర్నూలు, ఎమ్మిగనూరు. ప్రతి చోటా దిగడం, తర్వాతి బస్సు కోసం చూడటం. మధ్యాహ్నం దాటాక అతని తండ్రి పోయాడు. అప్పటికి బస్సు నల్లమలలో ఉంది. అడవిలో ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. ఆత్మకూరు చేరాక ఫోన్ మోగితే తెలిసిందట. బస్టాండులో బెంచీ మీద కాసేపు కూర్చుని, మళ్ళీ లేచి కర్నూలు బస్సెక్కాడట. ఊరు చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. పెద్దకొడుకు కోసం ఉంచారు. తెల్లారి మట్టి చేశారు.

ముందు రాత్రి రైలెక్కి ఉంటే పొద్దున్నే ఇంట్లో ఉండేవాడు. తండ్రి మధ్యాహ్నం దాకా తెలివిలోనే ఉన్నాడు. కొడుకు ఎక్కడిదాకా వచ్చాడని అడుగుతూనే ఉన్నాడట. ఆ పూటను నేను తీసేసుకున్నాను. ఎన్ని రకాలుగా తిప్పి చెప్పుకున్నా, ఎన్ని కారణాలు పక్కన పెట్టుకున్నా, ఆ మాట మారదు.

ఆ తర్వాత కొంతకాలం విమానాల గురించి దొరికినదల్లా చదివాను. చదివి ఏం చేద్దామని అడిగితే చెప్పలేను. ఎక్కడ ఎలా పొరబడ్డానో తెలుసుకోవాలన్న తపన. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్కనీ దీవుల్లో వెస్ట్రే అనే దీవి నుంచి పాపా వెస్ట్రే అనే చిన్న దీవికి విమానం తిరుగుతుంది. మధ్య దూరం మూడు కిలోమీటర్లు కూడా లేదు. మా ఊరి సెంటరు నుంచి నడికుడి పోయినట్టు. ఎగిరేది రెండు నిమిషాలు. ప్రపంచంలో ఇంతకంటే చిన్న విమాన సర్వీసు లేదు. 1967 నుంచి నడుస్తోంది. మొదట విని ఇదేం వింత అనుకున్నాను. తర్వాత అక్కడ ఎవరు ఎక్కుతారో చదివితే మనసు కుదుటపడింది. పాఠం చెప్పడానికి వచ్చే టీచర్లు, వైద్యానికి పోయే రోగులు, చదువుకు పోయే పిల్లలు. పాపా వెస్ట్రేలో ఉండేది వంద మంది లోపే. ఆ కొద్దిమంది అవసరం చూసి, సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజున పడవ దాటలేదని తెలిసి, ఆ విమానం వేశారు. ముందు మనిషి, తర్వాత విమానం, ఆ తర్వాత నిమిషాలు. నా లెక్క తలకిందులుగా నడిచింది. నిమిషాలు ముందు వచ్చాయి. విమానం లేదు. మనిషిని గట్టు మీద కూర్చోబెట్టాను.

అతని రైలు దారిలో దొనకొండ ఉందని పైన చెప్పాను. ఒకప్పుడు ఆ లైను మీటర్ గేజి. ఇప్పుడు బ్రాడ్ గేజి. దొనకొండలో యుద్ధం నాటి రన్‌వే మీద ఇవాళ ప్రయాణికుల విమానం ఏదీ దిగదు. పక్కనున్న స్టేషన్‌లో రైలు మాత్రం ఆగుతోంది. సుగ్గికి వచ్చేవాళ్ళు, తిరిగిపోయేవాళ్ళు ఆ కిటికీల్లోంచే ఆ ఊరిని చూస్తూ పోతారు. పల్నాడుకు మిర్చి కోసే చేతులను మోసుకొచ్చే దారి అది. విమానాశ్రయం వార్తలు కత్తిరించి అంటించుకున్న నేను ఆ రైలు టైముటేబులు ఒక్కసారి కూడా చూడలేదు. ఏ బండి కోసిగిలో ఆగుతుందో మా చేలో కాయ కోసే ఆడమనిషిని అడిగితే చెప్పేది. అడగలేదు.

2025 జూలైలో విజయవాడ, కర్నూలు మధ్య నేరుగా విమానం మొదలైంది. వారంలో కొన్ని రోజులే. ఎగిరేది ముప్పావుగంట లోపే అయినా, టైముటేబులులో గంటకు పైనే చూపిస్తారు. విమానం రన్‌వే దాకా పోవాలి, లేవాలి, ఎత్తు ఎక్కాలి, దిగాలి, మళ్ళీ ఆగే చోటి దాకా పోవాలి, అదంతా కలిపితేనే ప్రయాణం. ఆ వార్త చదివిన రోజు పేపరు మడిచి పక్కన పెట్టేశాను. ఆ విమానం ఆ ఫిబ్రవరిలోనే ఉండి ఉంటే? లెక్క వేసుకోకుండా ఉండలేకపోయాను. చేను నుంచి గన్నవరానికి మూడు గంటలు, అక్కడ ముందుగా చేరి కూర్చోవడం ఒక గంట, విమానం ఒక గంట, ఓర్వకల్లు నుంచి కోసిగికి బస్సుల్లో మూడు నాలుగు గంటలు. తెల్లవారుజామున బయల్దేరినా రైలు దింపే వేళకు చేరేవాడు కాదు. అంటే నా విమానం నిజంగా ఉన్నా, రైలే ముందు చేరేది. ఈసారి దారం పెట్టి కొలిచాను కాబట్టి తెలిసింది.

తండ్రి దినం అయ్యాక అతను మళ్ళీ వచ్చాడు. ముఠా తరఫున అడ్వాన్సు తీసుకుని ఉన్నాడు, కోత మధ్యలో వదిలేయడం అతని పద్ధతి కాదు. కోతలు అయిపోయి, కల్లంలో టిక్కీలు కుట్టాక, లెక్క తేల్చే రోజున అతన్ని పక్కకు పిలిచాను. భార్య కూడా వచ్చి నిలబడింది. విమానం రద్దు కాలేదని, ఆ విమానం అసలు లేదని, నేను చూసుకోలేదని, పైగా అబద్ధం చెప్పానని చెప్పాను. నా గొంతు సరిగా పలకలేదు.

అతను తల వంచుకుని, "తెలుసు సార్" అన్నాడు. "బస్సులో పక్కనాయన చెప్పినాడు, గన్నవరం నుంచి కర్నూలుకు విమానమే లేదని. మీరు బాధపడతారని నేను అడగలే."

ఆమె మాత్రం నన్ను వదిలిపెట్టలేదు. "నేను చెప్తి గదా సార్, బండికే పోనీ అని" అంది. కోపంగా అనలేదు, గొంతు కూడా పెంచలేదు. అతను ఊరుకోమన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆమెకు అది అనే హక్కుంది. అతని క్షమ కంటే ఆమె మాటే నాకు న్యాయంగా తోచింది.

పల్నాడులో మిరప వేసే రైతులందరికీ నాదొక మనవి. మీ చేలో సుగ్గికి వచ్చిన మనిషికి ఊరి నుంచి కబురొస్తే, ఎలా పోతావయ్యా అని అతన్నే అడగండి. అతను చెప్పిన దారి అతని తండ్రీ తాతా నడిచిన దారి. ఆ దారికి సరిపడా డబ్బు ఆ నిమిషమే చేతిలో పెట్టండి, కూలి లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. మోటారు సైకిల్ తీసి బస్టాండుకో స్టేషన్‌కో మీరే దించి రండి. నరసరావుపేట నుంచి గుంతకల్లు వైపు పోయే బండ్ల వేళలు, వాటిలో కోసిగిలో ఏవి ఆగుతాయో, ఒక కాగితం మీద రాసి మోటారు షెడ్డులో అంటించండి. రైల్వేవాళ్ళను అడగాల్సింది కూడా ఉంది: జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ బండ్లకు జనరల్ పెట్టెలు పెంచాలి, కోసిగిలో మరికొన్ని బండ్లు ఆపాలి. మన పంట కోసే మనుషుల కోసం ఆ అర్జీ మనమే పెట్టాలి. మొదటి సంతకం నేను చేస్తాను.